రాణి లేని పెట్టెలు

రత్నబాయి ఇల్లెక్కడని తెంగవిళైలో ఎవరినైనా అడిగితే గుర్తులు చెప్పేవాళ్ళు కాదు. "చర్చి దాటాక చెవులు రిక్కించుకుని నడువు. ఎక్కడ ఝుమ్మని వినపడితే అక్కడ ఆగు" అనేవాళ్ళు. ఆమె పెరట్లో ముప్పై ఎనిమిది తేనెపెట్టెలు ఉండేవి. ఏటా ఫిబ్రవరిలో రబ్బరు తోటలు ఆకు రాల్చి ఎర్రటి చిగుళ్ళు వేస్తాయి. ఆ లేతాకుల కాడల మొదట్లో ఊరే తీపి కోసం ఈగలు తెల్లారకముందే బయల్దేరేవి. ఆ రెండు నెలలూ ఆమెతో మాట్లాడాలంటే కాస్త గొంతు పెంచాల్సి వచ్చేది.

పెళ్ళయిన పదకొండో నెలలోనే భర్త లారీ ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆమెకి ఇరవై ఒకటి. పుట్టింటికి తిరిగొచ్చింది. తల్లి ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉండేది, ఆ తల్లీ పోయింది. ఒకసారి మిషన్ వాళ్ళు మార్తాండంలో తేనెటీగల పెంపకం నేర్పిస్తున్నారంటే, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని వెళ్ళింది. ఒక్క పెట్టెతో వచ్చింది. దాన్ని పడగ్గది కిటికీ కింద పెట్టుకుంది. పగలంతా పనిచేసి అలిసిన ఈగలు సాయంత్రం రెక్కలాడించి పెట్టెని చల్లబరుచుకుంటాయి. ఆ చప్పుడు వింటూ నిద్రపోవడం అలవాటైంది. ఒకటి మూడయింది, మూడు పదయ్యాయి. పాతికేళ్ళు అలా గడిచిపోయాయి.

తొంభై రెండులో ఈగలకి జబ్బు వచ్చింది. పిల్ల పురుగులు అరల్లోనే నీళ్ళు నిండిన తిత్తుల్లా ఉబ్బి, తలలు పైకెత్తి చచ్చిపోయేవి. ఈగలు వాటిని బయటికి లాగి పడేసేవి. లాగి లాగి విసిగి, ఒకరోజు పెట్టె వదిలేసి గుంపుగా లేచిపోయేవి. ఈస్టర్ నాటికి రత్నబాయి పెరట్లో ఆఖరి పెట్టె కూడా ఖాళీ అయింది. ఆమె ఒక్కదానిదే కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ అదే పరిస్థితి. పెట్టెలు కడిగి, ఎండబెట్టి, ముందు వసారాలో ఒకదానిమీద ఒకటి పేర్చింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ వినపడనివన్నీ వినపడసాగాయి. కుండలోంచి నీళ్ళు కారే చప్పుడు, దూలంలో పురుగు తొలిచే చప్పుడు, తను గంజి మింగే చప్పుడు. భరించలేక రేడియో పెద్దగా పెట్టుకునేది.

"అక్కా, ఆ రేడియో కాస్త తగ్గించు. ధాన్యం ధరలు పేటంతా కంఠస్థం వచ్చేశాయి" అని కంచె అవతల్నుంచి చెల్లబాయి కేకేసేది. చెల్లబాయి ఆమెకంటే ఆరేళ్ళు చిన్నది. రబ్బరు తోటలో చెట్లు గీసి పాలు తీస్తుంది. భర్త ఉన్నాడు గానీ మంచంలో ఉన్నాడు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. కర్రపెండలం ఉడికిస్తే ఒక గిన్నె కంచె మీదుగా ఇటు రావాల్సిందే.

రెండో ఏడు సెప్టెంబరులో అరుళ్‌దాస్ అనే ఆయన ఊళ్ళోకొచ్చాడు. తెల్ల పంచె, చంకలో బైబిలు సంచి, జీపు వెనక గోనెపట్టా కప్పిన తేనెపెట్టెలు. ఆదివారం ఆరాధనలో ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుని పాడాడు. ఆరాధన అయ్యాక తిన్నగా రత్నబాయి ఇంటికొచ్చాడు.

"అమ్మా, మీ పేరు కొండల దాకా వినపడుతోంది."

"నా పేరు సంగతి సరే, ఈగల సంగతి చెప్పండి."

"కొండ ఈగలమ్మా. జబ్బొచ్చినప్పుడు తట్టుకుని నిలబడ్డవి. మా ఊళ్ళో నూట ఇరవై పెట్టెల్లో ఒక్కటి పోలేదు."

"మూత తీయండి, చూద్దాం."

"తీయడానికేముందమ్మా, ఇప్పుడే తీస్తాను." అని మూత మీద చెయ్యి కూడా వేశాడు. వేసి ఆగాడు. "నాలుగు గంటలు జీపులో కుదుపులు తిన్నాయి. ఇప్పుడు కదిపితే లేచిపోతాయేమో అని నా భయం. మూడు రోజులాగి మీరే చూసుకోండి. మీకు తెలియని సంగతా నేను చెప్పేది?"

కుదుపు తిన్న ఈగలని అప్పుడే కదపకూడదన్నది నిజమే. కానీ చూడకుండా పెట్టె కొనకూడదన్నది అంతకంటే ముందు నేర్చుకోవాల్సిన పాఠం. అది ఆమె ఎంతోమందికి తనే చెప్పింది. ఆ రోజు చెప్పాల్సిన మాట చెప్పలేదు. వంగి పెట్టెకి చెవి ఆనించింది. లోపల వేల రెక్కల చప్పుడు. ఏడాదిన్నర తర్వాత వింటున్న చప్పుడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, "ఆరు దించండి" అంది.

ఆమె కొందని తెలిశాక ఇంక జీపుకి ఊళ్ళో అడ్డేముంది? చెల్లబాయి రెండు తీసుకుంది. రబ్బరు పాలు గీసే రాజయ్యన్ మూడు తీసుకున్నాడు. దారిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగి, "అక్కా, ఈగలు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. మూత తీయకుండానే "బాగానే ఉన్నాయి" అంది ఆమె. రెండు రోజుల్లో జీపు ఖాళీ అయిపోయింది.

రెండోరోజు సాయంత్రం కిటికీ కింది పెట్టెలోంచి వచ్చే చప్పుడు మారింది. రాణి ఉన్న పెట్టె ఒకే తీరుగా, నిదానంగా హోరుమంటుంది. రాణి లేని పెట్టె మూలుగుతుంది. చప్పుడు లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. పాతికేళ్ళు విన్న చెవి ఆమెది. వినగానే తెలిసింది. ప్రయాణం బడలికేలే అనుకుని అటు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున కూడా తీయలేదు. మధ్యాహ్నం దాకా ఇల్లు ఊడ్చింది, ఊడ్చిందే మళ్ళీ ఊడ్చింది. అప్పుడు పొగడబ్బా అంటించుకుని వెళ్ళి మూత తీసింది.

ఈగలు బోలెడున్నాయి. పిల్లలున్న పట్టు కూడా ఉంది. కానీ అన్నీ ముదిరిన పిల్లల మీద మూతపడిన అరలే. ఒక్క గుడ్డు లేదు, ఒక్క లేత పురుగు లేదు. మంచి పెట్టె ఒకదానిలోని పట్టుల్ని ముక్కలు చేసి, ముక్కకో పెట్టె చొప్పున సర్ది అమ్మేశాడు అరుళ్‌దాస్. లేత పిల్ల ఉంటే ఈగలు దాన్నైనా రాణిగా పెంచుకుంటాయి. ఆ దారి కూడా లేకుండా చూసి మరీ సర్దాడు. ఆరు పెట్టెలూ తెరిచింది. కంచె దూకి చెల్లబాయివి తెరిచింది. రాజయ్యన్ పెరట్లోకి పరిగెత్తింది. అంతటా అదే. అరుళ్‌దాస్ చెప్పిన ఊరికి మనిషిని పంపితే ఆ పేరుగలవాడు అక్కడెవరూ లేడని కబురొచ్చింది.

తర్వాతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర రాజయ్యన్ అందరి ముందూ అడిగాడు. "నీకెంత ముట్టజెప్పాడు, రత్నబాయీ?"

"నావి కూడా ఆరు పోయాయి, అన్నా."

"నీవి నీకు ఊరికే ఇచ్చి ఉంటాడు. ఎర వేయకుండా చేప పడుతుందా? నువ్వు బాగానే ఉన్నాయంటేనే కదా మేం కొన్నది!"

నిశ్శబ్దానికి భయపడి మూత తీయలేదని ఎవరికి చెప్తే నమ్ముతారు? ఆ వారం నుంచి బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె రాగానే కుండలు ఎత్తుకునేవారు. ప్రార్థనలో ఆమె పక్కన చోటు ఖాళీగా ఉండేది. ఆ ఇంటి వైపు వచ్చే దారిలో గడ్డి మొలిచింది.

చెల్లబాయి మాత్రం మానలేదు. "నీకే తెలియనిది మాకేం తెలుస్తుందిలే అక్కా. ఇదిగో, చేపల పులుసులో పులుపెక్కువైంది, నువ్వే తినాలి" అంటూ గిన్నె అందించేది. ఆ మాట రత్నబాయికి పులుసు కంటే పుల్లగా ఉండేది. ఒకనాడు ఉండబట్టలేక చెప్పేసింది.

"నాకు తెలుసే చెల్లబాయీ. రెండోరోజే చెవికి తెలిసింది. మొదటిరోజే మూత తీయించాల్సింది. చప్పుడు వినపడింది కదా, అదే చాలనిపించింది. నా వల్లే మీరంతా మునిగారు."

చెల్లబాయి చుట్టూ చూసింది. "ఊరుకో. నాతో అన్నావు సరే, ఇంకెవరితోనూ అనకు, తన్నినా తంతారు."

ఆ వేసవి నుంచి రత్నబాయి ప్రతి సోమవారం కరుంపారై సంతకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఈగలు పోయిన ఊళ్ళన్నీ మళ్ళీ ఈగల కోసం ఎగబడుతున్న రోజులవి. సంతలో మేకల దొడ్డి వెనక పెట్టెలు అమ్మేవాళ్ళు వరసగా కూర్చునేవారు. మంచివాళ్ళూ ఉన్నారు, అరుళ్‌దాస్ లాంటివాళ్ళూ ఉన్నారు. ఆమె పొగడబ్బా, ఒక తెల్ల తువ్వాలు, చిన్న పీట తీసుకెళ్ళి వరస చివర కూర్చుంది. కొనడానికొచ్చిన వాళ్ళని పిలిచి, "మూత తీయించుకోండి. చూడటం రాకపోతే నేను చూసి చెప్తాను. నాకేం ఇవ్వక్కర్లేదు" అంది.

మొదటి నెల ఒక్కరూ రాలేదు. ఊరికే చేస్తానంటే మా వైపు జనానికి అనుమానం ఎక్కువ. అమ్మేవాళ్ళకి మాత్రం మంచి కాలక్షేపం దొరికింది.

"ఏం డాక్టరమ్మా, రాణిగారి నాడి చూశావా? పురుడెప్పుడట?" అనేవాడు మురుగయ్య అనే కొండ వ్యాపారి.

"నీ పెట్టెలో రాణే లేదు, పురుడెవరికి పోయమంటావు?" అంది ఆమె. వరసంతా గొల్లున నవ్వింది. మురుగయ్య కూడా నవ్వాడు గానీ, ఆ పెట్టెని మెల్లగా పక్కకి జరిపేశాడు. అది చూసిన ఒక ముసలాయన వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. అలా మొదలైంది.

చూపించడంలో ఆమెకి తొందర ఉండేది కాదు. ముందు పెట్టెని ఎండలో పెట్టించి తలుపు తెరిపించేది. బయటికెళ్ళిన ఈగలు కాళ్ళకి పుప్పొడి అంటించుకుని వస్తున్నాయేమో చూడమనేది. లోపల పిల్లలుంటేనే వాటికి పుప్పొడితో పని. తర్వాత మూత తీసి, పట్టుని సూర్యుడి వైపు ఎత్తి పట్టుకుని, "అర అడుగున చూడు. బియ్యపు నూకలా తెల్లగా నిలబడి ఉందా? అరకొకటే ఉండాలి. రెండు మూడు ఉంటే అవి రాణి పెట్టినవి కావు, వద్దు" అనేది. మూడు రోజులు మూత తీయొద్దని చెప్పేవాడి దగ్గర మూడు జన్మలెత్తినా కొనకూడదనేది. సీసాలో తేనె పట్టు ముక్క వేసి అమ్మేవాళ్ళని చూపించి, "ముక్క నిజందే. నీళ్ళు మాత్రం తాటిబెల్లానివి" అనేది.

తిట్లు తింది. ఒకసారి పీట మీద ఎవరో బురద పూశారు, ఒకసారి తిరుగు బస్సులో చీర కొంగు చింపారు. బాగోలేదని చెప్పిన పెట్టెనే కొనుక్కుని, పైగా ఆమెని తిట్టిపోయిన వాళ్ళూ ఉన్నారు. ఇంటికి ఈగలని పట్టుకుపోవాలని ఆశపడి వచ్చిన మనిషి చేతిలోంచి ఆ ఆశ లాక్కుంటే కోపం రాదా? ఆ కోపం ఆమెకి బాగా తెలుసు. తనూ అలా వంగి చెవి ఆనించిన మనిషే కదా.

రెండేళ్ళు గడిచాయి. మురుగయ్య తన పెట్టెలు ముందు ఆమెకి చూపించి ఆ తర్వాతే పరిచేవాడు. "నీ నోటి వెంట బాగుందని వస్తే సగం అమ్ముడుపోయినట్టే" అని పనసపండు తెచ్చి పెడితే, "పండు తీసుకుంటే రేపు నా మాటకి విలువేముంటుంది, అన్నా?" అని తిప్పి ఇచ్చేసింది. సంతలో అందరూ ఆమె మాటకి చెవినిచ్చేవారు. తెంగవిళైలో మాత్రం బావి దగ్గర కుండలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ఆమె సంతలో వారానికో రోజు మాట్లాడేది. మిగతా ఆరు రోజులూ కంచె దగ్గర చెల్లబాయితో నాలుగు మాటలు.

ఆ జులైలో, వాన వదలకుండా కురుస్తున్న రోజుల్లో, ఒక సోమవారం కాస్త తెరిపిచ్చింది. లాసర్ అనే తాటిచెట్లెక్కే మనిషి సంతకొచ్చాడు. చెట్టు మీంచి జారి తుంటి విరిగింది, ఇంక ఎక్కలేడు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదైనా ఉంటుందా అని ఈగల కోసం వచ్చాడు. కుంటుకుంటూ ఒక పెట్టె మోసుకొచ్చి ఆమె ముందు దించాడు.

"అమ్మా, ఇది కొందామనుకుంటున్నాను. మీరు చూసి చెప్పాలి."

అతని వెనక నిలబడి ఉన్న అమ్మకందారు చెల్లబాయి.

ఆమె పెట్టెలు అమ్ముతుందని రత్నబాయికి తెలియదు. చెల్లబాయి మొహం తిప్పుకుని, "తీసి చూడక్కా. గుడ్లున్నాయి. నువ్వు చెప్పినట్టే అరకొకటి" అంది.

రత్నబాయి మూత తీసింది. పట్టు ఎత్తింది. గుడ్లున్నాయి, నిజమే, తెల్లగా, అరకొకటి. కానీ ఆ పట్టు నడుమ మూడు చోట్ల వేలిగోరంత బుడిపెలు కిందికి వేలాడుతున్నాయి. తల్లి పోయిన ఈగలు ఉన్న గుడ్లలోంచే కొత్త రాణిని పెంచుకోవాలని ఆదరాబాదరాగా కట్టే అరలవి. మిగతా పట్టుల్లో గుడ్డు లేదు. పట్టుల రంగు కూడా వేరు. ఎవరి దగ్గరో ఒక మంచి పట్టు అడిగి తెచ్చి, రాణి లేని పెట్టె మధ్యలో ఇరికించిన పని అది. ఎక్కడ చూడాలో, ఏం చూడాలో కంచె దగ్గర నిలబడి రత్నబాయి తనే చెప్పింది. చెల్లబాయి ఒక్క మాట పోకుండా నేర్చుకుంది.

చెల్లబాయి ఆమె పక్కన వంగి గొణిగింది. "రాణిని కట్టుకుంటాయి కదక్కా. అబద్ధమేం కాదు కదా. మా ఆయనకి మందులు నిండుకున్నాయి."

కట్టుకుంటాయన్నది నిజమే. ఎండాకాలమైతే అలా చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ వానల్లో పుట్టిన రాణికి జత కట్టడానికి మగ ఈగలు ఉండవు. జత కట్టని రాణి వల్ల పనిచేసే ఈగలు పుట్టవు, నెల తిరక్కుండా పెట్టె ఖాళీ అవుతుంది. చెల్లబాయికి ఆ సంగతి తెలియకపోవచ్చు. లాసర్‌కి అసలే తెలియదు. అతను కాలు చాపుకుని నేల మీద కూర్చుని, ఏమంటుందో అని ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

రత్నబాయి పట్టుని పెట్టెలో దించింది. మూత సరిగ్గా పెట్టింది. చేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

"రాణి లేదయ్యా. ఇది కొనకు" అంది.

చెల్లబాయి ముందు నమ్మలేదు. తర్వాత గొంతెత్తింది. "ఊరంతా నిన్ను వెలేస్తే గంజి పోసిన చెయ్యి ఇది! మర్చిపోయావా? విన్నారా అందరూ? ఈవిడ గొప్ప డాక్టరమ్మ! ఆ రోజు పెట్టెలో రాణి లేదని తెలిసీ నోరు మూసుకుంది. నాకు తనే చెప్పింది. మాకందరికీ అంటగట్టించి, ఇవాళ నా దగ్గరకొచ్చేసరికి నీతులు పుట్టుకొచ్చాయా?"

మురుగయ్య చేతిలో బీడీ అలాగే ఉండిపోయింది.

"అవును, తెలిసే మూసుకున్నాను" అంది రత్నబాయి. "అందుకే ఇక్కడ కూర్చున్నాను."

చెల్లబాయి పెట్టె ఎత్తుకుంది. బరువుకి వంగిపోయింది. రత్నబాయి సాయం పట్టబోతే విదిలించుకుంది. మేకల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది. లాసర్ ఆమె వెళ్ళిన వైపూ, ఈమె వైపూ చూసి దణ్ణం పెట్టాడు. మురుగయ్య తన వరసలోంచి ఒక మంచి పెట్టె చూసి అతనికి ధర తగ్గించి ఇచ్చాడు. రత్నబాయి దాన్ని తెరిచి చూసి బాగుందని చెప్పింది.

మర్నాడు, ఈ రెండేళ్ళలో మళ్ళీ కూడబెట్టుకున్న మూడు ఈగల పెట్టెల్లో ఒకదాన్ని చెల్లబాయి వసారాలో పెట్టి వచ్చింది. మధ్యాహ్నానికల్లా అది తిరిగొచ్చి ఈమె గుమ్మంలో ఉంది. మందుల చీటీ ఇమ్మని, తనే తెచ్చిపెడతానని పాస్టరమ్మ చేత అడిగించింది. మందులు తెచ్చేవాళ్ళున్నారని జవాబొచ్చింది. నెల తిరిగేసరికి కంచె దగ్గర చెల్లబాయి వైపు కొత్తగా కొబ్బరి మట్టలు అల్లి కట్టించారు. గిన్నె అందించే సందు మూసుకుపోయింది. సందు మూసుకున్నా చప్పుడు ఆగదు కదా. అవతల దగ్గు వినపడేది, గిన్నెలు కడగడం, పొద్దున్నే కత్తి నూరుకోవడం వినపడేది. వింటూ తన గంజి తను తాగేది. మూడో ఏడు ఒకరోజు ఆ దగ్గు ఆగిపోయింది. భర్త పోయాడు. రత్నబాయి వెళ్ళి అందరి వెనకా నిలబడింది. చెల్లబాయి ఆమెని చూసింది, చూసి మళ్ళీ తల వంచుకుంది.

రత్నబాయి పెరట్లో మెల్లగా పెట్టెలు పెరిగి తొమ్మిదయ్యాయి. ముప్పై ఎనిమిది మాత్రం మళ్ళీ ఎప్పుడూ కాలేదు. సోమవారం సంత మానలేదు. మూత తీయకుండా అమ్మేవాడు కరుంపారైలో నిలవలేని రోజులొచ్చాయి. కొనేవాళ్ళే "తీయవయ్యా, దాచుకోవడానికి నీ పెళ్ళి పెట్టేం కాదు కదా" అని దబాయించడం మొదలుపెట్టారు. ఆమె పని తగ్గిపోయింది. కొన్ని సోమవారాలు ఒక్కరూ ఆమె దగ్గరకి వచ్చేవారు కాదు. అయినా బస్సు టైము దాకా పీట మీదే కూర్చునేది.

ఒక జనవరిలో, రబ్బరు ఆకు రాలుతున్న రోజుల్లో, ఆమె ముందు ఎవరో పెట్టె దించారు. తలెత్తి చూస్తే చెల్లబాయి. జుట్టు బాగా నెరిసింది. ఈసారి అమ్మడానికి కాదు, కొనడానికొచ్చింది.

"కొంచెం చూసి చెప్పండమ్మా" అంది.

ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అనని "అండి". అక్కా అని కూడా అనలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా అంది.

రత్నబాయి మూత తీసింది. పట్టు ఎత్తి ఎండకి పట్టుకుంది. అరకొకటి గుడ్డు. మూడో పట్టు మీద రాణి కూడా కనపడింది, పొడవుగా, తొందర లేకుండా నడుస్తూ.

"రాణి ఉంది. ఈమధ్య పుట్టినదే. తీసుకోవచ్చు" అంది. అని, ఇంకా ఏదో అనబోయి, "కిటికీకి దగ్గరగా పెట్టుకోండి" అని మాత్రం అంది.

"అలాగేనమ్మా."

చెల్లబాయి పెట్టెకి తాడు కట్టుకుంది, తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని ఎత్తుకుంది. మెల్లగా నడుచుకుంటూ మేకల దొడ్డి మలుపు తిరిగింది. ఇద్దరికీ ఒకే ఊరు, ఒకే బస్సు. ఆ సాయంత్రం బస్సులో చెల్లబాయి ఒళ్ళో పెట్టెతో ముందు సీట్లో కూర్చుంది. రత్నబాయి వెనక కూర్చుంది. తెంగవిళైలో దిగాక చెల్లబాయి ముందు నడిచింది. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకునే దాకా రత్నబాయి చర్చి దగ్గరే ఆగి, ఆ తర్వాత తన ఇంటికి నడిచింది.